స్వీకరించిన స్థితిలో

కాకినాడలో అద్దె ఇల్లు దొరకడం కష్టమంటారు. ఆ మాట అనేవాళ్ళెవరూ అద్దె ఇల్లు వదలడానికి ప్రయత్నించి ఉండరు. భ్రమరాంబ ప్రయత్నించింది.

ఆవిడా, ఆవిడ భర్త పెద్దిరాజూ సుఖనివాస అద్దెగృహాల సమాఖ్య వారి బి బ్లాకులో, కింది అంతస్తులో తొమ్మిదేళ్ళు కాపురం ఉన్నారు. పెద్దిరాజు హార్బరు దగ్గర ఐసు ఫ్యాక్టరీలో గుమాస్తా. భ్రమరాంబ పెసరట్టు వేస్తే పక్క బ్లాకువాళ్ళు కూడా చేబదులు ఉప్పు కోసమని గిన్నెలు పట్టుకుని వచ్చి, ఉప్పు మాట మరిచిపోయి అట్టు తిని వెళ్ళేవారు. ఊరికే పోసే అట్లేవో డబ్బులకే పోద్దామని ఆవిడకి తోచింది. జగన్నాథపురంలో వీధివైపు గది ఉన్న ఇల్లు చూసుకుంది. ముందు గదిలో టిఫిన్ కొట్టు, వెనక కాపురం. ఆ ఇంటాయన నెలాఖరులోగా అడ్వాన్సు ఇస్తేనే ఇల్లనీ, లేకపోతే సెల్‌ఫోన్లు బాగుచేసేవాడొకడు కాచుకుని కూర్చున్నాడనీ చెప్పాడు. ఆ అడ్వాన్సుకి భ్రమరాంబ నమ్ముకున్నది సమాఖ్య దగ్గరున్న ముప్ఫై వేల డిపాజిట్టుని.

నమ్ముకోవడానికి కారణం ఉంది. వాళ్ళు దిగిన రోజున ఆ ఇల్లు ఇల్లులా లేదు. వంటింటి కుళాయి రాత్రీపగలూ కారేది. స్నానాల గది తలుపు తన్నితే గానీ తెరుచుకునేది కాదు. హాల్లో స్విచ్చు వేస్తే ముందు షాకు కొట్టేది, తర్వాత దీపం వెలిగేది. గోడ మీద పై అంతస్తు నుంచి దిగిన చెమ్మ ఇంత మేర మరక కట్టింది. వంటింటి మూల కన్నంలో ఒక పందికొక్కు వాళ్ళకంటే ముందునుంచీ కాపురం ఉంటోంది. చెడిపోయిన వస్తువు ఎదురుగా ఉంటే అన్నం సయించని మనిషి భ్రమరాంబ. చీటీ పాట డబ్బులతో, అట్ల పెనం పక్కన దాచిన డబ్బులతో, ఒక్కొక్కటే బాగుచేయించింది. అలా మరమ్మతు జరిగినప్పుడల్లా భర్తని ఏదో పని మీద బజారుకి పంపించేసేది. పెద్దిరాజు మంచివాడే. కానీ ఆయన చెయ్యి పడితే బాగున్నది కూడా చెడేది. ఒకసారి గోడ గడియారానికి బ్యాటరీ మార్చాడు. ఆ రోజునుంచీ అది వెనక్కి నడిచింది.

కాబట్టి అద్దంలా ఉన్న ఇంటికి తాళం వేసి, తాళంచెవి కొంగున కట్టుకుని, భ్రమరాంబ ధీమాగా సమాఖ్య కార్యాలయానికి వెళ్ళింది.

సమాఖ్య కార్యనిర్వాహక కార్యదర్శి విశ్వపతి గారు మామూలు మాటలు మాట్లాడేవారు కాదు. ఆయన నోట మాట కూడా మూడు ప్రతులలో వస్తున్నట్టు వచ్చేది. అందులోనూ ఈ మధ్యనే విశాఖలో, సముద్రం కనిపించే హోటల్లో, ‘పూర్వస్థితి పరిరక్షణ’ అనే సదస్సుకి వెళ్ళొచ్చారు. వచ్చిన దగ్గర్నుంచీ ఆయనకి కొత్తదేదీ కంటికి ఆనడం లేదు.

“డిపాజిట్టు అనునది సొమ్ము కాదమ్మా,” అన్నారాయన కళ్ళు మూసుకుని. “అది విశ్వాసం. విశ్వాసమును తిరిగి ఇచ్చుటకు ఒక ప్రక్రియ ఉంటుంది. నియమావళి పదునాల్గవ నిబంధన ప్రకారం, అద్దెదారు గృహమును స్వీకరించిన స్థితిలోనే ప్రత్యర్పించవలెను.”

“అంతకంటే బాగా ఇస్తున్నాం కదండీ,” అంది భ్రమరాంబ సంతోషంగా.

టైపు కొడుతున్న అమ్మాయి చేతులు ఆగిపోయాయి. విశ్వపతి గారు కళ్ళు తెరిచారు. కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టారు.

“అంతకంటే... బాగానా?” అన్నారు, ఎవరో పోయారన్న కబురు విన్నట్టు.

“మరేనండి. మీరొచ్చి చూడండి, మీ ఇల్లేనా ఇదీ అనిపిస్తాది.”

“అదేనమ్మా నా భయం,” అన్నారు విశ్వపతి గారు. గంట కొట్టి స్థితి పరిశీలకుణ్ణి పిలిపించారు.

స్థితి పరిశీలకుడు చిదంబరానికి యాభై దాటాయి. బక్కపల్చటి మనిషి. సదస్సు తర్వాత సమాఖ్య ఆయన చేతికొక టాబ్లెట్ ఇచ్చింది. ఇళ్ళు అద్దెకిచ్చిన రోజున తీసిన ఫొటోలన్నీ అందులో ఎక్కించారు. అది కింద పడితే జీతంలో కోత అని చెప్పడంతో, ఆయన దాన్ని పసిబిడ్డని ఎత్తుకున్నట్టు రెండు చేతులా గుండెకి హత్తుకుని తిరిగేవాడు.

ఆయన ముందుగా వంటింట్లోకి వెళ్ళి కుళాయి తిప్పాడు, కట్టేశాడు. కాసేపు చూశాడు. వంగి చెవి ఒగ్గాడు.

“కారడం లేదమ్మా,” అన్నాడు దిగులుగా.

“లేదండి,” అంది భ్రమరాంబ గర్వంగా.

“ఎన్నాళ్ళనుంచీ ఈ ఇబ్బంది?”

చిదంబరం స్నానాల గది దగ్గరికి వెళ్ళి, ఫొటో చూసుకుని, పంచె పైకి కట్టి, నాలుగడుగులు వెనక్కి వేసి, తలుపుని బలంగా తన్నబోయాడు. కీళ్ళకి నూనె పోసిన తలుపు గాలికే తెరుచుకుంది. ఆయన టాబ్లెట్‌తో సహా లోపలికి వెళ్ళి బకెట్ మీద కూర్చున్నాడు.

“చూశారా, ఎంత ప్రమాదమో,” అన్నాడు లోపల్నుంచి.

హాల్లోకి వచ్చి, ఇష్టదైవాన్ని తలుచుకుని, కళ్ళు మూసుకుని స్విచ్చు వేశాడు. దీపం వెలిగింది. వేలు చూసుకున్నాడు. మళ్ళీ వేశాడు. నిట్టూర్చాడు. తర్వాత గోడ వైపు తిరిగేసరికి ఆయన మొహం పూర్తిగా పాలిపోయింది.

“మరక ఏదమ్మా?”

“సున్నం కొట్టించానండి. పైన మేష్టారి బాత్రూమ్ లీకు కూడా నేనే దగ్గరుండి సరిచేయించాను.”

“అమ్మా, అది సమాఖ్య ఆస్తి. మీరు కొట్టించింది సున్నం కాదు, సమాఖ్య ఆస్తిని కొట్టేశారు. మరి ఇదో, ఇక్కడ తోక కనబడుతోంది చూడండి,” అని వంటింటి మూల ఫొటో చూపించాడు. “ఇది చరాస్తి కింద రాసుకున్నాం. ఎక్కడుంది?”

“పందికొక్కాండీ? పోయింది. కన్నం సిమెంటుతో పూడ్పించేశాను.”

“లోపల ఉండగానా?”

“ఏవో, అడగలేదండి,” అంది భ్రమరాంబ. అప్పటికి ఆవిడకి చిర్రెత్తుకొచ్చింది.

మర్నాడు తాఖీదు వచ్చింది. ఇంట్లో చిన్నాపెద్దా కలిపి ఎనిమిది ‘అనధికార మెరుగుదలలు’ కనుగొనడమైనదనీ, ఒక్కో మెరుగుదలకి నాలుగు వేల రూపాయల చొప్పున డిపాజిట్టులోంచి మినహాయించడమవుతుందనీ అందులో ఉంది. మినహాయింపులు పోను భ్రమరాంబే సమాఖ్యకి ఎదురు బాకీ తేలింది. అయితే సమాఖ్య దయాళువు. నెలాఖరులోగా ఇంటిని పూర్వస్థితికి తీసుకొస్తే పూర్తి డిపాజిట్టు ఇస్తుంది.

ఆ రాత్రి అన్నం ముందు కూర్చుని భ్రమరాంబ కళ్ళనీళ్ళు పెట్టుకుంది. పోయే డబ్బు కంటే, తను తొమ్మిదేళ్ళు పడ్డ పాటు నేరమైపోయిందే అని ఆవిడ బాధ.

“దానికేడుస్తావేంటే?” అన్నాడు పెద్దిరాజు. “బాగుచెయ్యమన్లేదు కదా, చెడగొట్టమన్నారు. చెడగొట్టడం ఎంతసేపు?”

ఆ మాట అనేశాడు గానీ, పని మొదలుపెట్టాక తెలిసింది అదెంత సేపో.

ముందు ప్లంబరు ఏసుబాబుని పిలిచారు. కుళాయి బాగుచేసింది అతనే.

“దీన్ని కారేలా చెయ్యాలి, ఏసుబాబూ,” అంది భ్రమరాంబ.

“కారకుండా చెయ్యమంటున్నారా అక్కా?”

“కారేలాగే.”

ఏసుబాబు సంచీ కింద పెట్టేశాడు. “ఏటక్కా ఇది? నా చేతుల్తో నేను బాగుచేసిన కుళాయండి. రేపు ఎవరన్నా వచ్చి చూత్తే ఏసుబాబు పనితనం ఇదీ అనుకోరా? ఆయ్, పిల్లలుగలోణ్ణి. నావల్ల కాదండి బాబూ,” అని మంచినీళ్ళైనా ముట్టకుండా వెళ్ళిపోయాడు.

భ్రమరాంబ గుమ్మంలో చతికిలబడింది. లోపలి నుంచి పెద్దిరాజు గొంతు వినిపించింది. “ఒకసారి నేను చూడనా?”

తొమ్మిదేళ్ళలో మొదటిసారి ఆవిడ వద్దనలేదు.

పెద్దిరాజు కుళాయి దగ్గరికి వెళ్ళి, బాగుచేద్దామనే నిజమైన ఉద్దేశంతో, చిన్న స్పానరు పెట్టి ఒక్క తిప్పు తిప్పాడు. కుళాయి కారింది. ఊరికే కారడం కాదు, ఫొటోలో ఉన్నట్టే బొట్టుబొట్టుగా, ఎడమ పక్కకి వంగి కారింది. స్నానాల గది తలుపు కీళ్ళకి కొంచెం నూనె సరిచూద్దామని వెళ్ళాడు. తలుపు బిగుసుకుపోయింది. ఆయన లోపలే ఉండిపోతే భ్రమరాంబ తన్ని బయటికి తీసింది. స్విచ్చుబోర్డు మీద ధూళి తుడిచాడు. అంతే. దీపం వేయబోయిన భ్రమరాంబ ఎగిరి అటు పడింది.

“కొట్టిందా?” అన్నాడు పెద్దిరాజు ఆశగా.

“కొట్టిందండీ! బాగా కొట్టింది!” అంది భ్రమరాంబ చెయ్యి విదిలించుకుంటూ, ఆనందంతో. పెళ్ళయిన ఇన్నేళ్ళలో ఆయన్ని ఆవిడ అంత మెచ్చుకోలుగా చూడలేదు. మొగుడి చేతిలో ఇంత విద్య ఉందని తెలియక ఇన్నాళ్ళూ బజారుకి పంపించానే అనుకుంది.

మరక దగ్గర చిక్కొచ్చింది. పై అంతస్తులో ఉండే లెక్కల మేష్టారు జోగారావు గారిని వెళ్ళి బతిమాలుకున్నారు. పెద్దిరాజు ఆయన బాత్రూమ్‌లో తూము మూత ఒకసారి తీసి పెట్టాడు. అది చాలింది. మేష్టారు రోజూ రెండు బకెట్ల స్నానానికి బదులు పరోపకారంగా ఎనిమిది బకెట్లు పోసుకున్నారు. జలుబు చేసి తుమ్ముతూ కూడా పోసుకున్నారు. వారం తిరిగేసరికి హాలు గోడ మీద మరక కమ్మగా దిగింది. చిదంబరం వచ్చి టాబ్లెట్ పక్కన పెట్టి పోల్చి చూశాడు.

“ఫొటోలో గుర్రం తల ఉందమ్మా. ఇది గాడిదలా వచ్చింది.”

“గుర్రమేనండి, సరిగ్గా చూడండి,” అన్నాడు పెద్దిరాజు.

“చెవులు చూడండి బాబూ. ఇంత చెవులు గుర్రానికి ఉంటాయా? నేను సంతకం పెడితే రేపు ఆడిట్‌లో నన్ను గాడిద అంటారు.”

పైనుంచి జోగారావు మేష్టారు తొంగిచూసి, తుమ్మి, లెక్క కట్టారు. గోడ మీద చెవి ఎక్కడొచ్చిందో, దానికి సరిగ్గా పైన బాత్రూమ్‌లో ఏ మూల నీళ్ళు పడుతున్నాయో చూసుకుని, మర్నాటినుంచీ ఆ మూల వదిలి ఈ మూల నిలబడి పోసుకున్నారు. చెవులు కురచయ్యాయి. మెడ మీద జూలు కూడా దిగింది. జూలు ఫొటోలో లేదు గానీ, చిదంబరం అంతవరకూ ముచ్చటపడి ఊరుకున్నాడు.

పందికొక్కుని పెద్దిరాజు ఐసు ఫ్యాక్టరీ పక్క బియ్యం గోడౌన్‌లోంచి పట్టుకొచ్చాడు. కన్నం తవ్వి, బెల్లంముక్క పెట్టి, అందులో ప్రవేశపెట్టాడు. అది ఇల్లంతా కలియతిరిగి చూసుకుని కన్నంలో స్థిరపడింది.

“ఇది ఆ పందికొక్కేనా?” అన్నాడు చిదంబరం.

“తొమ్మిదేళ్ళయింది కదండీ, అది ఉంటాదా? దాని మనవడనుకోండి,” అంది భ్రమరాంబ.

“అనుకోవడానికి లేదమ్మా. వారసుడైతే వారసత్వ ధ్రువపత్రం ఉండాలి.”

పెద్దిరాజు నిజంగానే తాలూకా ఆఫీసుకి వెళ్ళాడు. అక్కడి గుమాస్తా దరఖాస్తంతా చదివి, తలెత్తకుండా, “చనిపోయినవారి పేరు రాయలేదేంటండీ?” అని అడిగాడు. పెద్దిరాజు ‘మూషికరావు’ అని రాశాడు. ముగ్గురు సాక్షుల సంతకాలతో పత్రం వచ్చింది.

నెలాఖరు దగ్గరపడింది. విశ్వపతి గారు స్వయంగా వచ్చి పరిశీలించారు. కుళాయి కారింది. తలుపు తన్నితే తెరుచుకుంది. పందికొక్కు సమయానికి తోక చూపించింది. స్విచ్చు వేసి షాకు తిన్న విశ్వపతి గారు వేలు పైకెత్తి చూసుకున్నారు. తర్వాత ఆయన కళ్ళు చెమర్చాయి.

“సదస్సులో చూపించిన బొమ్మల్లో కూడా ఇంత శిథిలతను నేను చూసి ఉండలేదు,” అన్నారు. “శ్రీ పెద్దిరాజు గారూ, ఇది మరమ్మతు కాదు, తపస్సు.”

పెద్దిరాజుని జీవితంలో ఎవరూ గారు అని అంత గట్టిగా అనలేదు. ఆయన సిగ్గుపడి గోడకి ఆనుకున్నాడు. ఆనుకున్నచోట పెచ్చు ఊడింది. చిదంబరం ఫొటో చూసుకుని, అక్కడ కూడా పెచ్చు ఊడే ఉందన్నాడు.

మర్నాడు దంపతులిద్దరూ సమాఖ్య కార్యాలయానికి వెళ్ళారు. భ్రమరాంబ పట్టుచీర కట్టుకుంది. అక్కణ్ణుంచి అటే జగన్నాథపురం వెళ్ళి అడ్వాన్సు ఇచ్చేయాలని ఆవిడ ఆలోచన. విశ్వపతి గారు ఇనప్పెట్టె తీయించారు. అందులోంచి లక్క ముద్ర వేసిన కవరొకటి బయటికి తీసి, రెండు చేతులా అందించారు.

భ్రమరాంబ కవరు చించింది. లోపల అన్నీ పాత వెయ్యి రూపాయల నోట్లు.

ఇంట్లో దిగిన మరుసటి ఏడే ఆ నోట్లు రద్దయిపోయాయి. ఊరంతా బ్యాంకుల ముందు బారులు తీరి మార్చుకున్న రోజులు ఆవిడకి బాగా గుర్తే.

“ఇవి చెల్లవు కదండీ,” అంది.

“చెల్లుబాటు వేరు, స్థితి వేరమ్మా,” అన్నారు విశ్వపతి గారు. “మీ సొమ్మును మేము స్వీకరించిన స్థితిలోనే భద్రపరిచినాము. మడత కూడా మార్చలేదు. చూడండి, మూడవ నోటు మీద మీ పసుపు వేలిముద్ర సైతం ఉన్నది.”

“అప్పుడు బ్యాంకులో వేసి మార్చాల్సింది కదండీ!”

“మార్చుటయా? మీ ఆస్తి రూపమును మార్చుటకు మేమెవరం? అది అనధికార మెరుగుదల కాదా? పదునైదవ నిబంధన చూడండి. ఈ నియమములు ఉభయ పక్షములకు సమానముగా వర్తించును. మాకొక న్యాయం, మీకొక న్యాయం ఈ సమాఖ్యలో లేదు.”

ఆయన అది వంకరగా అనలేదు. నిజంగా గర్వపడుతూ అన్నారు. భ్రమరాంబ ఆ నోట్ల కట్ట వైపు చూసింది. తన మొగుడి మొహం చూసింది. ఆయన, పాపం, అడ్వాన్సు ఇచ్చాక తినడానికని కాజాలు కూడా కొని జేబులో పెట్టుకున్నాడు. ఆవిడకి ఏడుపు రావాలి. రాలేదు. కడుపులో ఎక్కడో కితకితలు పెట్టినట్టయింది.

“ఉభయ పక్షాలకీ అన్నారు కదండీ?” అంది.

“నిస్సందేహముగా.”

“మేం కూడా మీ ఇంట్లోకి తొమ్మిదేళ్ళ కిందట వచ్చాం. అప్పుడు మీరు మమ్మల్ని స్వీకరించారు. తాళంచెవి ఇస్తా ఫొటో కూడా తీశారు. మరి మమ్మల్ని ఆ స్థితిలోనే తిరిగి పంపించాలి కదండీ?” అని, జడ ముందుకేసి చూపించింది. “ఇది చూడండి. వచ్చినప్పుడు ఒక్క తెల్లవెంట్రుక ఉంటే ఒట్టు. ఆయన్ని చూడండి. అప్పుడు ఈ పొట్ట ఉందేమో మీ ఫొటోలో వెతుక్కోండి.”

విశ్వపతి గారు పదునైదవ నిబంధనని ముందునుంచి వెనక్కీ, వెనకనుంచి ముందుకీ చదివారు. ఆయన మూర్ఖుడే గానీ మోసగాడు కాదు. “అమ్మ చెప్పినది సబబు,” అన్నారు చివరికి. “చిదంబరం! ఫొటో తియ్యి.”

ఆ రోజునుంచీ సమాఖ్య వాళ్ళిద్దరినీ పూర్వస్థితికి తేవడానికి నడుం కట్టింది. సమాఖ్య ఖర్చుతో భ్రమరాంబని సినిమా రోడ్డులో బ్యూటీ పార్లర్‌కి తీసుకెళ్ళారు. జుట్టుకి రంగు వేశారు, మొహానికి ఏవేవో పిండ్లు పట్టించారు. పెద్దిరాజు పొట్ట కోసం వ్యాయామశాలలో చేర్పించారు. ఆయన ఎక్కిన మొదటి యంత్రం ఆగిపోయింది. రెండోది ఎక్కించకుండానే వాళ్ళు చేతులెత్తి దణ్ణం పెట్టి, సమాఖ్యకి బిల్లు పంపించారు. అప్పుడు పొట్టకి పట్టీ బిగించారు. ఫొటోలో ఆయనకున్న సన్నమీసం కోసం మంగలిని పిలిపించారు. చిదంబరం టాబ్లెట్ పట్టుకుని వెంట తిరుగుతూ, “జుట్టు, సరిపోయింది. మీసం, సరిపోయింది. ఎడమ బుగ్గ, ఇంకాస్త లోపలికి,” అంటూ టిక్కులు పెట్టుకున్నాడు.

జగన్నాథపురం ఇంటాయన గడువు ఇంకొక్క రోజుంది. సెల్‌ఫోన్ల మనిషి అప్పటికే వచ్చి గది కొలతలు తీసుకుని వెళ్ళాడు.

ఆ ఆఖరి రోజు ఉదయాన్నే తుది పరిశీలన పెట్టారు. దంపతులిద్దరినీ, తాళంచెవి అందుకుంటున్న భంగిమలో, కార్యాలయం మధ్యలో నిలబెట్టారు. చిదంబరం టాబ్లెట్ ఎత్తి చూశాడు. తల అడ్డంగా ఊపాడు.

“నవ్వు సరిపోలడం లేదండి.”

నిజమే. ఫొటోలో భ్రమరాంబ నవ్వుతోంది. కొత్త కాపురం కాదు, కొత్త ఇల్లు మాత్రమే. అయినా ఏదో తలుచుకుని, పైవరసలో నాలుగు పళ్ళు కనబడేలా, చిన్నగా నవ్వుతోంది. ఇప్పుడు నిలబడ్డ భ్రమరాంబ మొహంలో చెల్లని నోట్లూ, చేజారిపోబోయే గదీ తప్ప ఏమీ లేవు.

“అమ్మా, నవ్వండి,” అన్నారు విశ్వపతి గారు.

“రావట్లేదండి.”

టైపు అమ్మాయి ఒక జోకు చెప్పింది. జోగారావు మేష్టారిని పిలిపిస్తే ఆయన లెక్కల్లో జోకు చెప్పారు. అది ఆయనకి తప్ప ఎవరికీ అర్థం కాలేదు. చివరికి విశ్వపతి గారే గొంతు సవరించుకుని, రెండడుగులు ముందుకి వచ్చి, నియమావళి ఎత్తి పట్టుకున్నారు.

“పదునాల్గవ నిబంధన అనుసరించి,” అన్నారు గంభీరంగా, “అద్దెదారు తన పై పెదవిని స్వీకరించిన స్థితికి తక్షణమే ప్రత్యర్పించవలెను.”

భ్రమరాంబకి ఆ కితకితలు మళ్ళీ మొదలయ్యాయి. ముందు చిన్నగా వచ్చింది. నాలుగు పళ్ళు కనబడ్డాయి. “అదీ! అక్కడే ఆపండి!” అని అరిచాడు చిదంబరం. ఆ అరుపుకి ఆవిడ ఇంకా ఆపుకోలేకపోయింది. ఆరు పళ్ళు, ఎనిమిది, తర్వాత ఉన్నవన్నీ కనబడ్డాయి. కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది, పొట్ట పట్టుకుంది, బల్ల పట్టుకుంది.

“అమ్మా, తగ్గించండి,” అన్నారు విశ్వపతి గారు కంగారుగా. “ఇది ఫొటోలోని నవ్వు కాదు. ఇది అంతకంటే...”

“అంతకంటే బాగుందండి,” అన్నాడు చిదంబరం నిస్సహాయంగా. “మెరుగుదల కింద వస్తాదండి.”

“ఎవరు చేశారు మెరుగుదల?” అన్నాడు పెద్దిరాజు.

ఎవరు చేశారో అందరూ చూశారు. నియమావళి ఇంకా విశ్వపతి గారి చేతిలోనే ఉంది.

“ఒక అనధికార మెరుగుదల, సమాఖ్య పక్షాన, నాలుగు వేలు,” అని చిదంబరం టాబ్లెట్‌లో నొక్కాడు. నొక్కకపోతే ఆడిట్‌లో తనని పట్టుకుంటారు.

“నమోదు చేయకుము!” అన్నారు విశ్వపతి గారు. అది విని భ్రమరాంబ మళ్ళీ విరగబడి నవ్వింది. చిదంబరం మళ్ళీ నొక్కాడు. “పూర్వస్థితి! పూర్వస్థితి!” అని ఆయన గాల్లో చేతులూపారు. టైపు అమ్మాయి బల్ల కిందికి దూరి నవ్వింది. పెద్దిరాజు నవ్వేసరికి పొట్టకి కట్టిన పట్టీ ఫట్టుమని తెగి, కొస వెళ్ళి గోడకున్న సదస్సు ధ్రువపత్రానికి తగిలింది. అద్దం భళ్ళుమంది. చిదంబరం కూడా నవ్వుతున్నాడు. నవ్వుతూనే నొక్కుతున్నాడు. తను ఏం మాట్లాడినా నవ్వు పెరుగుతోందనీ, నవ్వు పెరిగితే లెక్క పెరుగుతోందనీ గ్రహించి విశ్వపతి గారు నోరు మూసుకున్నారు. నోరు మూసుకుని బిగపట్టిన ఆ మొహం చూసి భ్రమరాంబ కింద కూర్చుని నవ్వింది.

“చెక్కు పుస్తకం!” అన్నారాయన ఇక తట్టుకోలేక.

ఆయన ఉద్యోగ జీవితంలో అంత తక్కువ మాటలతో ఒక పని జరగడం అదే మొదలు. ముప్ఫై వేలకి చెక్కు రాసి, లెక్క అంతటితో మాఫీ అని ఇద్దరిచేతా సంతకాలు పెట్టించారు. బ్యాంకు మూసే వేళకి ముందే చెక్కు మార్చుకుని, దంపతులు జగన్నాథపురం చేరి అడ్వాన్సు ఇచ్చేశారు. సెల్‌ఫోన్ల మనిషి తన టేపు మడిచి జేబులో పెట్టుకుని వెళ్ళిపోయాడు.

టిఫిన్ కొట్టు బాగానే సాగింది. పొయ్యి దగ్గర భ్రమరాంబ ఉండేది. పెద్దిరాజుని గ్రైండరు దగ్గరికి రానివ్వకుండా, గల్లా దగ్గర కూర్చోబెట్టింది.

ఒకనాటి ఉదయం చిదంబరం వచ్చాడు. చంకలో టాబ్లెట్ లేదు. పెసరట్టు ఉప్మా చెప్పి, గోడవారగా కూర్చున్నాడు.

“మీ సమాఖ్య ఎలా ఉందండి?” అంది భ్రమరాంబ అట్టు తిప్పుతూ.

“బెమ్మాండంగా ఉందమ్మా. మీ కేసు మీద కమిటీ వేశారు. మనుషులు కాపురం ఉండబట్టే ఇళ్ళ స్థితి మారుతోందని కమిటీ కనిపెట్టింది. కొత్త నిబంధన పెట్టారు. అద్దె నెలనెలా కట్టాలి, డిపాజిట్టు ముందే కట్టాలి. లోపలికి మాత్రం వెళ్ళకూడదు.”

“మరి ఎవరు తీసుకుంటారండీ ఆ ఇళ్ళు?”

“అన్నీ అయిపోయాయమ్మా. వెయిటింగ్ లిస్టు ఉంది,” అన్నాడు చిదంబరం. “మనుషులు లేకపోతే ఇక చూసేదేముందని నన్ను కూడా తీసేశారు.”

పెద్దిరాజు గల్లా దగ్గర్నుంచి చూసి నాలుక చప్పరించాడు. భ్రమరాంబ పళ్ళెం తెచ్చి చిదంబరం ముందు పెట్టింది. బల్ల ఒకవైపుకి ఒరిగి, అల్లం పచ్చడి పళ్ళెం అంచుకి జారింది. బల్లకి ఒక కాలు పొట్టి. కొట్టు పెట్టిన రోజునుంచీ అలాగే ఉంది. వండడంతో, వడ్డించడంతో ఆవిడకి ఇంకా తీరిక చిక్కలేదు.

చిదంబరం బల్ల వైపు చూశాడు. వీధి వైపు చూశాడు. మళ్ళీ బల్ల వైపు చూశాడు. తర్వాత పళ్ళెం కింద పరిచిన కాగితం ముక్క తీసి, రెండు మడతలు పెట్టి, మూడు మడతలు పెట్టి, వంగి ఆ పొట్టి కాలు కింద దోపాడు. లేచి చేత్తో నొక్కి చూశాడు. బల్ల కదల్లేదు. ఆయన చెవులు ఎర్రబడ్డాయి.

“దీనికి... ఏమన్నా అనుమతి తీసుకోవాలాండీ?” అన్నాడు మెల్లగా.

“చల్లారిపోతాది, తినండి అన్నయ్యగారూ,” అంది భ్రమరాంబ. పొయ్యి దగ్గరికి వెళ్ళి, ఆయన అడగని రెండో అట్టుకి పెనం మీద పిండి పోసింది.